కళ్లకు చలవ: చైనా చామంతి టీ

రాత్రి పొద్దుపోయేదాకా రీల్స్ చూసి, పొద్దున్నే కళ్లు మండుతున్నాయా? ఈరోజు నేను చైనా చామంతి టీ చూపిస్తాను. మజ్జిగ చలవ, మామిడిపండు వేడి అని మనం అంటాం కదా, చైనా ఆహారవైద్యంలోనూ అలాంటి లెక్కే ఉంది. అక్కడ చామంతి చలవ. కళ్లకీ కాలేయానికీ సంబంధం ఉందని వాళ్ల నమ్మకం, అందుకే తోడుగా ఎర్రటి గోజీ బెర్రీలు వేస్తారు.

ఎండిన చామంతి పూలు ఐదారు, గోజీ ఒక స్పూను కడిగి కప్పులో వేయండి. మరిగించిన నీళ్లు 250 మి.లీ. పోసి, 5 నిమిషాలు మూత పెట్టండి. తీపి కావాలంటే చిన్న పటికబెల్లం ముక్క వేసుకోండి.

రెండు జాగ్రత్తలు. పూజకి తెచ్చిన చామంతులు వద్దు, వాటిమీద పురుగుమందు ఉండొచ్చు. టీ కోసం అమ్మేవే కొనండి. ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే, వాళ్లకి గోజీ అస్సలు ఇవ్వకండి. మందు ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు.

అసలు సంగతేంటంటే, ఫోన్ చూసేటప్పుడు మనం రెప్పలు తక్కువ వేస్తాం. దాంతో కళ్లు పొడిబారతాయి. టీ దాన్ని ఆపలేదు. అందుకే మూత పెట్టిన ఆ 5 నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టి, కిటికీలోంచి దూరంగా చూడండి. నేనూ అదే చేస్తాను. మళ్లీ కలుద్దాం, బై!