సీటీ స్కాన్ మోతాదును నిర్ణయించేది ప్రోటోకాలే.. దాన్ని మార్చే అధికారం ఎవరికి?

సీటీ స్కాన్ గదిలో టెక్నీషియన్ ప్రతి రోగికీ రేడియేషన్ మోతాదును కొత్తగా లెక్కించరు. ‘తల’, ‘ఛాతీ’, ‘ఉదరం’ అంటూ యంత్రంలో ముందే భద్రపరిచిన ప్రోటోకాల్‌లలో ఒకదాన్ని తెరపై ఎంచుకుంటారు. ఎక్స్‌రే గొట్టానికి ఎంత వోల్టేజీ, ఎంత విద్యుత్తు ఇవ్వాలి, బల్ల ఎంత వేగంగా కదలాలి, కాంట్రాస్ట్ మందు ఎక్కించిన ఎన్ని సెకన్లకు చిత్రీకరణ మొదలుపెట్టాలి వంటి వివరాలన్నీ అందులో దశలవారీగా నమోదై ఉంటాయి. ఒక విధంగా అది మందుల చీటీయే. అయితే చీటీ ఒక్క రోగికి రాసేది; ప్రోటోకాల్ ఆ పరీక్షకు వచ్చే అందరికీ వర్తించేది. కాబట్టి అందులో దొర్లిన తప్పు ఒక్కరితో ఆగదు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఉన్న సెడార్స్ సైనాయ్ వైద్య కేంద్రంలో జరిగింది ఇదే. పక్షవాతం అనుమానం ఉన్నవారికి మెదడులో రక్తప్రసరణను పరిశీలించేందుకు పర్‌ఫ్యూజన్ స్కాన్ చేస్తారు. ఇందులో తలలోని ఒకే భాగాన్ని పదేపదే చిత్రీకరిస్తారు కనుక ఒక్కో చిత్రానికి మోతాదు తక్కువగా ఉండి తీరాలి. ఆ ఆస్పత్రి 2008 ఫిబ్రవరిలో యంత్రం సెట్టింగులను మార్చింది. తరువాతి 18 నెలల్లో, తొలి లెక్క ప్రకారమే 206 మందికి అధిక రేడియేషన్ సోకింది. గరిష్ఠంగా 0.5 గ్రే అందవలసిన చోట 3 నుంచి 4 గ్రేలు అందాయి. జుట్టు ఊడిపోతోందని ఒక రోగి చెప్పిన తరువాతే, 2009 ఆగస్టులో విషయం వెలుగుచూసింది.

యంత్రం చెడిపోయిందా? లేదు. తయారీదారు నిర్దేశించిన విధంగా వాడి ఉంటే అధిక మోతాదు అందేది కాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో తేల్చింది. యంత్రం తనకు చెప్పిన పనే చేసింది. మోతాదును తనంతట తాను సర్దుకునే ‘ఆటోమేటిక్’ సదుపాయం ఉందన్న ధీమా కూడా ఇక్కడ అక్కరకు రాదు. చిత్రం మరింత స్పష్టంగా కావాలని కోరితే ఆ సదుపాయమే మోతాదును పెంచుతుంది. స్కాన్‌కు ముందు అంచనా మోతాదు తెరపై కనిపిస్తుంది నిజమే. కానీ రోజూ అదే అంకె ఎదురైతే అది సరైనదేనన్న భావన స్థిరపడిపోతుంది.

ఈ ఉదంతం తరువాత పరికరాల తయారీ రంగం రెండు రకాల కట్టడులపై ప్రమాణాలు తెచ్చింది. మొదటిది హెచ్చరిక: ముందుగా నిర్ణయించిన పరిమితిని మోతాదు దాటబోతే యంత్రం ఆగి అడుగుతుంది. కొనసాగించాలంటే పేరు నమోదు చేయాల్సిందే. 1 గ్రే వద్ద ఈ హెచ్చరిక రావాలన్నది ఎఫ్‌డీఏ సూచన. రెండవది, అంతకన్నా కీలకమైనది, ప్రవేశ నియంత్రణ: ప్రోటోకాల్‌ను వాడేవారు వేరు, మార్చగలిగేవారు వేరు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో యంత్రంలో నమోదవుతుంది. అందరూ ఒకే పాస్‌వర్డ్ పంచుకునే చోట ఈ నమోదుకు విలువ ఉండదని వేరే చెప్పనక్కరలేదు.

భారత్‌లో సీటీ యంత్రాలకు లైసెన్సు ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి. రెండేళ్లకోసారి నాణ్యతా పరీక్షలు తప్పనిసరి. యంత్రం పనితీరు సక్రమంగా ఉందో లేదో అవి తేలుస్తాయి. ఆ రెండు పరీక్షల మధ్య ఒక ప్రోటోకాల్‌లోని అంకె మారితే పట్టుకోవలసింది ఆస్పత్రే. రేడియాలజిస్టు, భౌతిక శాస్త్ర నిపుణుడు, టెక్నీషియన్ కలిసి జాబితాను సమీక్షించడం, పిల్లలకు వేరే ప్రోటోకాల్‌లు ఉంచడం, సాఫ్ట్‌వేర్ నవీకరణ తరువాత ప్రతి విలువనూ పాత ప్రతితో పోల్చడం అందుకు మార్గాలు.

కాలిఫోర్నియా రాష్ట్రం 2012 జులై నుంచి సీటీ మోతాదును రోగి నివేదికలో నమోదు చేయడాన్ని చట్టబద్ధం చేసింది. ఆధునిక యంత్రాలు పరీక్ష ముగియగానే మోతాదు వివరాల పుటను చిత్రాలతో పాటే భద్రపరుస్తాయి. స్కాన్ సీడీతో పాటు ఆ పుటను కూడా ఇవ్వమని రోగులు అడగవచ్చు.