మెంతుల లెక్క తప్పింది... మునీమ్‌జీ పట్టేశారు!

ఉస్మాన్‌గంజ్‌కి ఎప్పుడైనా వెళ్లారా? అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి కాస్త లోపలికి నడిస్తే చాలు, ఎండుమిర్చి ఘాటుకి తుమ్ములు మొదలవుతాయి. పోయిన నెల కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, హమాలీల బళ్లు తప్పించుకుంటూ, మా పిన్ని వెనకాలే నడిచాను.

పిన్ని ఇంట్లోనే పొడులు చేసి అమ్ముతుంది. ఈసారి ఓ క్యాటరింగ్ ఆయన 35 కిలోల సాంబారు పొడి చెప్పారు. అంత పెద్ద ఆర్డరు రావడం అదే మొదలు. ఎప్పుడూ కాగితం మీద లెక్క వేసుకునే మనిషి, ముచ్చటపడి ఫోన్లోని ఏఐని అడిగింది. కిలో పొడికి తన కొలతలు చెప్పి, 35 కిలోలకి చిట్టీ రాయమంటే క్షణంలో వచ్చేసింది. ధనియాలు 14 కిలోలు, మిర్చి 8.75, శనగపప్పు 5.25, మినప్పప్పు 3.5, మెంతులు 3.75, జీలకర్ర 1.75. మొత్తం 35 కిలోలు!

దుకాణంలో మునీమ్‌జీ చిట్టీ తీసుకుని, అలవాటు కొద్దీ పెన్నుతో కూడారు. "అమ్మా, ఇది 35 కాదు. 37 అయితున్నది" అన్నారు. మళ్లీ పైనుంచి కిందికి చూసి, "గిన్ని ధనియాలకు మెంతులు గింతనా? చేదు కొడ్తది" అన్నారు. పిన్ని గుండెలో రాయి పడింది. తన కొలత కిలోకి 50 గ్రాముల మెంతులే. అంటే 1.75 కిలోలు రావాలి. ఆ పొడి అలాగే పట్టించి ఉంటే 35 కిలోల సరుకూ, సంపాదించుకున్న పేరూ మూసీలో కలిసేవి.

మునీమ్‌జీ చేసినవి రెండు పనులు, గమనించారా? కూడికకి సాంబారు రుచి తెలియక్కర్లేదు. ఎవరు కూడినా, ఎన్నిసార్లు కూడినా అంతే వస్తుంది. ఎక్కడో తప్పుందని అది చెప్పింది. ఎక్కడుందో చెప్పింది మాత్రం వేల చిట్టీలు చూసిన ఆయన కన్ను. సూత్రం చెప్పమంటే "ఏమో, తెలుస్తది" అంటారు, అంతే.

ఏఐ పరిశోధకుల మధ్య దాదాపు 70 ఏళ్లుగా నలుగుతున్న తగువు ఈ రెండింటి గురించే. ఒక పక్షం వారు నియమాలన్నీ రాసి యంత్రానికి ఇద్దామన్నారు. దాన్నే సింబాలిక్ పద్ధతి అంటారు. కానీ అన్నీ రాయగలమా? మన వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని ఉంటుందే, ఆ 'తగినంత' దగ్గరే ఈ పద్ధతికి చుక్కెదురైంది. రెండో పక్షానిది న్యూరల్ నెట్‌వర్క్. కోట్ల ఉదాహరణలు చూపిస్తూ, తప్పు చేసినప్పుడల్లా లోపలి అంకెల్ని కొంచెం కొంచెం సవరిస్తూ పోతారు. అలా అలవాటు కుదురుతుంది. ఇవాళ ఫోన్లో మనతో తెలుగులో కబుర్లు చెప్పేది ఇదే. పిన్ని చిట్టీలో 3.75 పడిందీ ఈ అలవాటు వల్లే. చూడ్డానికి నప్పే అంకె వేసేసింది, కూడి చూసుకోలేదు.

రెండింటినీ కలపాలన్న ఆలోచనకి తొలినాళ్లలోనే దారి వేసినవారిలో మన తెలుగువారు ఒకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1970లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 'హియర్‌సే' అనే, మాట వినే యంత్రాన్ని తయారుచేసింది. చదరంగం ఎత్తు నోటితో చెబితే అది వినాలి. శబ్దం సరిగా వినబడకపోతే? ఆ పరిస్థితిలో నియమం ప్రకారం ఏ ఎత్తులు వీలవుతాయో చూసి, కుదరనివి కొట్టేసేది. చెవి ఊహిస్తుంది, నియమం సరిదిద్దుతుంది. నేటి న్యూరల్ నెట్‌వర్క్ అందులో లేదు కానీ వరస అదే. 1994లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిది లెండి.

ఇప్పుడు అదే మాటని గట్టిగా చెబుతున్నది మరో తెలుగువారు, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసరు కంభంపాటి సుబ్బారావు గారు. దిమ్మెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చే వరస చెప్పమనడం లాంటి పరీక్షలు ఆయన బృందం మాటలాడే ఏఐలకి పెట్టింది. 2023లో వాటిలో మేటి అనిపించుకున్న జీపీటీ-4కి వచ్చింది సగటున నూటికి 12! వస్తువుల పేర్లు మార్చి అడిగితే ఇంకా తికమకపడింది. తర్వాత వచ్చినవి చాలా మెరుగయ్యాయనుకోండి. అయినా ఆయన సలహా ఒకటే. ఏఐ చేత ఊహలు చేయించండి, నియమాలు తెలిసిన మరో ప్రోగ్రాము చేత సరిచూపించండి, తప్పుంటే కారణం చెప్పి వెనక్కి పంపండి.

2024 జనవరిలో గూగుల్ డీప్‌మైండ్ ప్రకటించిన 'ఆల్ఫా జామెట్రీ'దీ ఇదే సంసారం. బొమ్మలో ఎక్కడ కొత్త గీత గీస్తే బాగుంటుందో న్యూరల్ భాగం సూచిస్తుంది, రుజువు మెట్టుమెట్టుగా కట్టేది నియమాల భాగం. ఒలింపియాడ్ స్థాయి లెక్కలు 30 ఇస్తే 25 చేసింది. అంతకుముందు పద్ధతికి వచ్చినవి పదే.

అయితే నియమం ఒక్కటే కాపాడుతుందా అంటే, ఊహూఁ. ఆ చిట్టీలో మెంతులు అలాగే ఉండి, ధనియాలు 12 అని పడి ఉంటే? మొత్తం ముచ్చటగా 35 అయ్యేది! కూడిక కిక్కురుమనేది కాదు. మునీమ్‌జీ కన్నే దిక్కు. పిల్లల మందు మోతాదో, చీటీపాట వడ్డీయో ఫోన్ని అడిగేటప్పుడు నాకు ఆ 12 గుర్తొస్తుంది. కొన్ని ఏఐలు ఇప్పుడు లెక్క రాగానే కాలిక్యులేటరు లాంటి ప్రోగ్రాముని పిలుచుకుంటున్నాయి. మంచిదే. కానీ మనం చెప్పిన కొలత అది సరిగ్గా ఎక్కించుకుందో లేదో చూసుకోవాల్సింది మనమే. మోతాదు సంగతైతే డాక్టరుగారే.

పిన్ని ఫోన్ని మానలేదు. చిట్టీ ఇప్పటికీ దానిచేతే రాయించుకుంటోంది. బస్సు అఫ్జల్‌గంజ్ చేరేలోపు మాత్రం పర్సులోంచి పెన్ను తీసి, టికెట్ వెనకాల ఓసారి కూడుకుంటుంది. క్యాటరింగ్ ఆయన ఈసారి 50 కిలోలు చెప్పారట.