ఆటలో మునక, మనసులో దిగులు

వీడియో గేమ్ ఆడే పిల్లలందరూ కుంగుబాటు పాలవరు. ఆటపై అదుపు తప్పి, చదువూ నిద్రా తిండీ వెనకబడి, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేని స్థితి దాదాపు ఏడాదిపాటు సాగితే దాన్ని జబ్బుగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నిర్ణయించింది. అందులో గంటల లెక్క లేదు. కొలత అదుపు తప్పడమే.

ఏది ముందు, ఆటా, దిగులా? సింగపూర్‌లో మూడు వేల మందికి పైగా విద్యార్థులను రెండేళ్లు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటలో కూరుకుపోయినవారికి దిగులు, ఆందోళన పెరిగాయి. అందులోంచి బయటపడినవారికి తగ్గాయి. దారి ఒకవైపే కాదు. ముందే కుంగినవాళ్లూ బాధ మరిచేందుకు ఫోను పడతారు. రాత్రి నిద్ర చెడితే రెండూ ముదురుతాయి.

మన దగ్గర గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలు, మార్చి పరీక్షలు ఒకేసారి వస్తాయి. పెద్దలు పొద్దుగూకేదాకా చేలో ఉంటే ఇంట్లో పిల్లవాడూ, ఫోనూ మిగులుతారు. పైగా ఈ వయసు పిల్లల కుంగుబాటు చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకుంటారు.

నిషేధాల వల్ల ఒరిగింది తక్కువ. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆపిన పబ్‌జీ ఆట ఏడాది తిరక్కుండానే వేరే పేరుతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులోనే తెచ్చిన నిషేధం రమ్మీ, పోకర్ వంటి డబ్బు పందేలకే.

ఫోను ఒక్కసారిగా లాక్కుంటే గొడవే మిగులుతుంది. వైద్యులు ముందు నిద్రవేళలు సరిచేసి, ఆటను మెల్లగా తగ్గిస్తారు. కుంగుబాటుకు విడిగా చికిత్స చేస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఆట, ఫోను వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ ఉంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.