అమ్మ తెలుగులో చెబితే ఆసుపత్రికి అర్థమవుతుందా? ఖరగ్‌పూర్ నుంచి చూస్తే మానసిక ఆరోగ్య చట్టం

ఒక ఉదాహరణ అనుకుందాం. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ నుంచి రిటైరైన రైల్వే ఉద్యోగి ఇల్లు. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, బజారులో బెంగాలీ. కొడుక్కి మూడూ వచ్చు. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్లై వచ్చిన తల్లికి మాత్రం జీవితమంతా తెలుగుతోనే గడిచిపోయింది. ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. భర్త పోయాక నిద్ర లేదు, సరిగ్గా తిండి లేదు, తనలో తనే మాట్లాడుకుంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు హిందీలో అడుగుతున్నారు, కొడుకు జవాబు చెబుతున్నాడు. ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది.

అడ్మిట్ చేద్దామన్నారు. ఆమె ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?

ఈ ప్రశ్న మన పాత చట్టాలకు పెద్దగా పట్టలేదు. 1912 నాటి ల్యూనసీ చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన 1987 చట్టమైనా ఎక్కువగా ఆలోచించింది రోగిని ఎక్కడ ఉంచాలి, ఎవరి ఉత్తర్వుతో ఉంచాలి అనే. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2007లో ఆమోదించాక చట్టాన్ని తిరగరాయక తప్పలేదు. అలా వచ్చిందే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. అమల్లోకి వచ్చింది 2018 మే 29న.

చట్టం ఏమంటోంది?

జబ్బు ఉన్నంత మాత్రాన మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి పోయినట్టు కాదని సెక్షన్ 4 చెబుతోంది. చికిత్స గురించి చెప్పింది అర్థం చేసుకోగలరా, దాని పర్యవసానం తెలుసుకోగలరా, తమ నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలరా అన్నదే చూడాలి. నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినా, అదొక్కటే కారణంగా ఆ మనిషికి సామర్థ్యం లేదనకూడదు.

అదే సెక్షన్‌లో మరో మాట ఉంది. ఆ సమాచారాన్ని ఆ వ్యక్తికి అర్థమయ్యే తేలిక భాషలో ఇవ్వాలి. సెక్షన్ 22 కూడా ఇదే చెబుతుంది. ఏ నిబంధన కింద చేర్చుకున్నారు, జబ్బేమిటి, ఇవ్వబోయే చికిత్స ఏమిటి, దాని దుష్ప్రభావాలేమిటి, బోర్డుకు ఎలా దరఖాస్తు చేసుకోవాలి అన్నవన్నీ రోగికి అర్థమయ్యే భాషలో, రూపంలో తెలియాలి. తెలుగు తప్ప మరో భాష రాని మనిషిని హిందీలో ప్రశ్నించి, జవాబు రాలేదు కాబట్టి సామర్థ్యం లేదని రాసేస్తే అది చట్టం చెప్పిన పరీక్ష కాదు. అక్కడ తేలింది ఆమెకు హిందీ రాదనే.

తెలుగుకు పశ్చిమ బెంగాల్‌లో అధికార భాష హోదా ఇవ్వడానికి 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి అది చిన్న విషయం కాదు. అయితే రోగి హక్కు ఆ హోదా మీద ఆధారపడింది కాదు. వార్డు మొత్తానికి తెలుగు మనిషి ఒక్కరే ఉన్నా ఆ హక్కు ఉంటుంది.

మాట మారితే ఏమవుతుంది?

"గాలి సోకింది బాబూ" అంటుంది తల్లి. హిందీలో మక్కీకి మక్కీ "హవా లగ్ గయీ" అని చెబితే చలిగాలి తగిలిందనుకునే అవకాశం ఉంది. "ఈ మోకాళ్లతో చచ్చిపోతున్నాను" అనడం మనకు మామూలు మాట. విడిగా అనువదిస్తే ప్రాణాపాయంలా వినిపిస్తుంది. ఇంకోవైపు "నాకింక చాలు" అన్న మాటను కొడుకు "అలసిపోయింది" అని చెప్పేస్తే, నిజంగా పట్టించుకోవాల్సిన మాట డాక్టరు చెవిన పడకుండానే పోతుంది.

దీని మీదే అడ్మిషన్ ఆధారపడుతుంది. సెక్షన్ 86 కింద రోగి తనంతట తాను చేరవచ్చు. అది కాకపోతే సెక్షన్ 89 కింద నామినీ ప్రతినిధి దరఖాస్తు చేయాలి. సైకియాట్రిస్టు, మరో వైద్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. తనకు తాను హాని చేసుకునే ప్రమాదం, ఇతరులకు హాని, తనను తాను చూసుకోలేని స్థితి వంటివి తేలాలి. అప్పుడు కూడా 30 రోజుల వరకే.

ఇక్కడ చిక్కు చూడండి. నామినీ ఎవరు? రోగి ఎవరినీ రాసివ్వకపోతే సాధారణంగా దగ్గరి బంధువే. అంటే మన ఉదాహరణలో కొడుకే. తల్లిని చేర్చుకోమని అడిగేదీ అతనే, తల్లి ఏమందో డాక్టరుకు చెప్పేదీ అతనే. కొడుకు చెడ్డవాడని కాదు, బహుశా నెల రోజులుగా అతనికీ నిద్ర లేదు. అయినా ఒకే మనిషి రెండు పక్షాలా మాట్లాడటం సరికాదు. అర్థమయ్యే భాషలో చెప్పాలన్న చట్టం, ఆ తర్జుమా ఎవరు చేయాలో, ఖర్చు ఎవరిదో చెప్పలేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటే. కనీసం తెలుగు వచ్చిన నర్సునో, ఉద్యోగినో పిలిచి ఒకసారి కుటుంబ సభ్యులు లేకుండా మాట్లాడించమని అడగవచ్చు. రైల్వే ఊళ్లో అలాంటి మనిషి దొరక్కపోరు.

ఎవరిని అడగాలి?

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రి కేంద్రానిది, సబ్‌డివిజనల్ ఆసుపత్రి రాష్ట్రానిది. మానసిక చికిత్స అందించే సంస్థలు కేంద్రానివైతే కేంద్ర అథారిటీ దగ్గర, మిగతావి రాష్ట్ర అథారిటీ దగ్గర నమోదు కావాలి. రోగి హక్కులు మాత్రం రెండు చోట్లా ఒకటే. ముందు ఆసుపత్రి ఇన్‌చార్జి వైద్యాధికారికి, ఆ తర్వాత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. సెక్షన్ 89 అడ్మిషన్‌ను సవాలు చేస్తే బోర్డు 7 రోజుల్లో తేల్చాలి. ఉచిత న్యాయ సహాయం కూడా హక్కే.

వైద్యం కోసం ఎవరూ దూర ప్రయాణం చేయాల్సిన అవసరం రాకూడదని సెక్షన్ 18 అంటోంది. తమ మాట అర్థం చేసుకునే డాక్టరు కోసం విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి దాకా రాత్రి రైలెక్కే కుటుంబం ఉంటే, తప్పు ఆ కుటుంబానిది కాదు.

గొలుసులతో కట్టేయడం, మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ చికిత్స చేయడం పూర్తిగా నిషిద్ధమని కూడా ఈ చట్టంలోనే ఉంది. వాటి గురించి చాలామంది విన్నారు. సెక్షన్ 14 గురించి విన్నవాళ్లు తక్కువ.

మనసు బాగున్నప్పుడే, 18 ఏళ్లు నిండిన ఎవరైనా తెల్లకాగితం మీద తమ నామినీ పేరు రాసి సంతకమో వేలిముద్రో వేయవచ్చు. ఆ మనిషి ఒప్పుకోవాలి, మేజరై ఉండాలి. కొడుకే కానక్కర్లేదు, పక్క క్వార్టర్ ఆవిడైనా సరే. తర్వాత మార్చుకోవచ్చు కూడా. ఏ భాషలో రాయాలో ఆ సెక్షన్ చెప్పలేదు కాబట్టి తెలుగులో రాసుకోవచ్చు.

ఆసుపత్రి దాకా వెళ్లే ముందే ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉచిత నంబరు 14416. అక్కడ భాష ఎంచుకోవచ్చు, వాటిలో తెలుగు ఉంది.