‘నేరస్థ తెగలు’: ఒక మాట వెనుక చరిత్ర

‘నేరస్థ తెగలు’ అనే మాటను మన కథకులూ విమర్శకులూ చాలాసార్లు సామాజిక వాస్తవంగా స్వీకరిస్తున్నారు. అది వాస్తవం కాదనీ, వలస పాలకుల చట్టం పుట్టించిన వర్గీకరణ అనీ నేను చెప్పదలుచుకున్నాను.

డోర్నకల్ నుంచే చూద్దాం. 1880ల చివర నిజాం రైలుమార్గం హైదరాబాదును బెజవాడతో కలిపింది. డోర్నకల్ జంక్షన్ అయింది. రైలు రాకముందు తెలంగాణ దారుల్లో ఉప్పూ ధాన్యమూ మోసినవి లంబాడీల ఎడ్లు. కోస్తాలో అదే వర్తకం ఎరుకలవారిది. రైలు వచ్చింది. బ్రిటిషు ఇలాకాలో ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. దాంతో తిరిగి అమ్ముకునేవాడి బతుకు తెగింది. ఒకచోట నిలిచి శిస్తు కట్టని మనిషి ప్రభుత్వానికి అనుమానితుడయ్యాడు.

ఈ అనుమానానికి 1871లోనే ఉత్తరాదిన చట్టరూపం వచ్చింది. కులవృత్తి లాగే నేరమూ తండ్రి నుంచి కొడుక్కి సంక్రమిస్తుందన్నది దాని తర్కం. తెగను నేరస్థమని ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించరాదు. 1911 చట్టం దీన్ని మద్రాసు రాజధానికి తెచ్చింది. పేరు నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే పాసు. రెండు మూడేళ్లకే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు పేరిట అది స్టువర్టుపురం అయింది. అక్కడివారు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. ‘సంస్కరణ’ అంటే చౌక శ్రమ కూడానన్నమాట.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. దృష్టి రద్దు కాలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. జైలు నిబంధనల్లో విముక్త తెగలను పుట్టు నేరస్థులుగా చూసే భాగాలను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరులో!

మరి మన సాహిత్యం? 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ సినిమా వచ్చేనాటికే ఆ ఊరి పేరు దొంగకు పర్యాయపదమైపోయింది. తిట్టే రచయితను గుర్తుపట్టడం తేలిక. ‘పాపం, ఆకలి వాణ్ణి దొంగను చేసింది’ అనే రచయిత మాటేమిటి? అతడూ తెగంతా దొంగలేనన్న పోలీసు మాటను ఒప్పుకునే జాలిపడుతున్నాడు. ఎరుకల పాత్రను సృష్టించే రచయిత ముందు అడగవలసింది ‘ఎందుకు దొంగిలించాడు?’ అని కాదు. ‘ఇతని వర్తకం ఎవరు లాక్కున్నారు, ఇతని పేరు ఆ రిజిస్టరులో ఎవరు రాశారు?’ అని.