నిర్దోషి ఎవరు? యుద్ధం, గర్భవిచ్ఛిత్తి, క్రైస్తవ మనస్సాక్షి

సింగపూర్ ఈశాన్య భాగంలోని హౌగాంగ్‌లో హోలీ ఇన్నొసెంట్స్ అనే పేరుతో ఒక ప్రాథమిక పాఠశాల, ఒక ఉన్నత పాఠశాల ఉన్నాయి. రెండూ అక్కడి కతోలిక సమాజపు చరిత్రతో ముడిపడినవి. తెలుగులో చెప్పుకోవాలంటే పరిశుద్ధ నిర్దోషుల బడి. మత్తయి సువార్త రెండవ అధ్యాయంలో హేరోదు రాజు బేత్లెహేములో చంపించిన పసిపిల్లలే ఆ నిర్దోషులు. పాశ్చాత్య క్రైస్తవ సంఘాలు వారిని ఏటా డిసెంబర్ 28న స్మరించుకుంటాయి. సింగపూర్ పార్లమెంటు గర్భవిచ్ఛిత్తి బిల్లును ఆమోదించిన తేదీ 1969 డిసెంబర్ 29. ఇది కేవలం కాకతాళీయం. అయినా రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసిన విశ్వాసికి మనసులో ఏదో కదలకుండా ఉండదు.

ఆ పేరుకు హౌగాంగ్‌లో మరొక నీడ కూడా ఉంది. 1852లో ఫ్రెంచి మిషనరీలు తియోచ్యూ చైనీయుల మధ్య నెలకొల్పిన సంఘం అక్కడిది. నేటికీ నిలిచి ఉన్న గోథిక్ చర్చి 1901 నాటిది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కిన తరువాత, ఆ చర్చికి దారితీసే అప్పర్ సెరంగూన్ రోడ్డు పొడవునా సైనికులు ఇల్లిల్లూ గాలించి చైనీయ పురుషులను పట్టుకుపోయారు. వారిలో మూడు నాలుగు వందల మందిని ఫిబ్రవరి 28న పుంగోల్ తీరంలో కాల్చి చంపారు. చనిపోయినవారు సైనికులు కారు, పౌరులు.

క్రైస్తవ నీతిశాస్త్రంలో యుద్ధాన్నీ గర్భవిచ్ఛిత్తినీ ఒక్కచోటికి తెచ్చేది ఈ ‘నిర్దోషి’ అన్న మాటే. చిక్కు కూడా అక్కడే ఉంది. తెలుగులో నిర్దోషి అంటే దోషం లేనివాడు. అది న్యాయస్థానపు మాట, గుణానికి సంబంధించిన తీర్పు. లాటిన్ మాటకు మూలార్థం వేరు: హాని చేయనివాడు, ప్రస్తుతం ఎవరికీ ముప్పు కానివాడు. యుద్ధనీతిలో పౌరుణ్ణి నిర్దోషి అన్నప్పుడు అతడు పుణ్యాత్ముడని కాదు, ఆయుధం పట్టి మీదికి రావడం లేదని మాత్రమే. అతడు దొంగ కావచ్చు, అబద్ధాలకోరు కావచ్చు. అయినా చంపడానికి వీల్లేదు. గర్భస్థ శిశువు విషయంలో ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి కాబట్టి వాదం భావోద్వేగంతో బరువెక్కుతుంది.

తొలి శతాబ్దాల క్రైస్తవులకు ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనబడలేదు. అపొస్తలుల అనంతర కాలపు గ్రంథం ‘డిడాకే’ గర్భవిచ్ఛిత్తిని సూటిగా నిషేధించింది. కార్తేజికి చెందిన టెర్టుల్లియన్ దాన్ని నరహత్యతో సమానమన్నాడు. విశ్వాసి సైన్యంలో చేరడాన్నీ ఆక్షేపించాడు. నాలుగవ శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యం క్రైస్తవమయ్యాక దారులు చీలాయి. రాజ్యాన్ని కాపాడే బాధ్యత తమ మీద పడినప్పుడు అగస్తీను, ఆ తరువాత పదమూడవ శతాబ్దంలో తోమాస్ అక్వినాస్, యుద్ధానికి షరతులు వెతికారు. అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, కారణం న్యాయమైనది కావాలి, ఉద్దేశం సరైనది కావాలి. దీన్ని తెలుగులో ‘ధర్మయుద్ధం’ అనడం పరిపాటే గాని, అది పూర్తిగా సరిపోదు. మనకు ధర్మయుద్ధం అంటే ముందుగా గుర్తొచ్చేది పోరాడే తీరు: సూర్యాస్తమయం తరువాత ఆయుధం పట్టకూడదు, నిద్రిస్తున్నవాణ్ణి కొట్టకూడదు. అక్వినాస్ మూడు షరతులూ అసలు యుద్ధానికి దిగవచ్చా అన్నదానికి సంబంధించినవి.

తీరు గురించిన మన సంప్రదాయంలో యుద్ధమూ గర్భమూ కలిసే ఘట్టం ఒకటి ఉంది. అశ్వత్థామ నిద్రిస్తున్న ఉపపాండవులను చంపి, ఆపై ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేశాడు. పోతన భాగవతం ప్రథమ స్కంధం చదివిన తెలుగువారికి ఆ రెండు పనులూ ఒకే పాపపు రెండు మెట్లుగా కనిపిస్తాయి. హౌగాంగ్ బడి పేరులోని భావం తెలుగు పాఠకుడికి అంత పరాయిది కాదు.

అక్వినాస్ నుంచే మరొక పనిముట్టు వచ్చింది: రెండు ఫలితాల సూత్రం. ఒకే పనికి మంచి ఫలితమూ చెడు ఫలితమూ ఉన్నప్పుడు, చెడును ఉద్దేశించకుండా, దాన్ని మంచికి సాధనంగా వాడకుండా, తగిన కారణంతో చేస్తే ఆ పని అనుమతించదగినదే అంటుంది అది. ఆత్మరక్షణను సమర్థించడానికి ఆయన వేసిన పునాదిని తరువాతివారు ఇలా పెంచారు. ఆయుధ కర్మాగారం మీద బాంబు వేస్తే పక్క వీధిలో పౌరులు చనిపోతారని తెలిసీ వేయవచ్చా? పిండం గర్భాశయంలో కాక నాళంలో నిలిచి తల్లి ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు, పిండం దక్కదని తెలిసీ ఆ నాళాన్ని తొలగించవచ్చా? కతోలిక నీతిశాస్త్రం రెండింటికీ ఈ సూత్రంతోనే జవాబు చెబుతుంది. రెండవదానికి అవునంటుంది. మొదటిదానికి, నష్టం హద్దులో ఉంటేనే అంటుంది. ఊరినే గురిగా చేసుకుంటే మాత్రం ఒప్పుకోదు.

ఈ తర్కాన్ని చివరిదాకా పట్టుకున్నవారు ఆంగ్ల తత్త్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కమ్. 1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు గౌరవ డిగ్రీ ఇవ్వబోతే, హిరోషిమా, నాగసాకి పౌరులను చంపించినవాడికి గౌరవమా అని ఆమె బహిరంగంగా వ్యతిరేకించారు. అంతమాత్రాన ఆమె శాంతివాది కాదు. ఏ రక్తమైనా ఒకటేననే శాంతివాదం నిర్దోషి రక్తానికీ మిగతా రక్తానికీ ఉన్న తేడాను చెరిపేసి, యుద్ధంలో అన్నిటికీ తెగించే మనస్తత్వానికే తోడ్పడిందని ఆమె వాదం. వృద్ధాప్యంలో గర్భవిచ్ఛిత్తి క్లినిక్ దగ్గర నిరసనలో అరెస్టయ్యారు కూడా. ఆమెతో ఏకీభవించనివారు సైతం ఆమెను అస్థిరురాలు అనలేరు.

ప్రొటెస్టెంట్ లోకంలో చిత్రం ఇంత తేటగా లేదు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు 1971లో అత్యాచారం, పిండంలో తీవ్ర లోపం, తల్లి శారీరక మానసిక ఆరోగ్యం వంటి కారణాలకు గర్భవిచ్ఛిత్తిని అనుమతించే చట్టాలను సమర్థిస్తూ తీర్మానించి, 1980 నాటికి దాదాపు ఎదురు దిశకు తిరిగారు. వారి బైబిలు మారలేదు. అయితే చదివే తీరు మారవచ్చు, అనువాదమూ మారవచ్చు. నిర్గమకాండము 21వ అధ్యాయంలో, ఇద్దరి పోట్లాటలో గర్భవతికి దెబ్బ తగిలితే ఏ శిక్ష అన్న విధి ఉంది. పాత తెలుగు బైబిలు అక్కడ గర్భపాతమనే అర్థం తీసుకుంది. అంటే పిండం పోతే జరిమానా, తల్లికి హాని జరిగితే ప్రాణానికి ప్రాణం. కొన్ని కొత్త ఆంగ్ల అనువాదాలు దాన్ని నెలలు నిండని కాన్పు అంటాయి. అప్పుడు బిడ్డకు హాని జరిగినా ప్రాణానికి ప్రాణమే అన్న అర్థం వస్తుంది. ఒకే ఇంట్లో అమ్మమ్మ తెలుగు బైబిలూ మనవరాలి ఆంగ్ల బైబిలూ రెండు వేర్వేరు నీతులు చెప్పగలవు.

యుద్ధాన్ని ఒప్పుకుంటూ గర్భవిచ్ఛిత్తిని వ్యతిరేకించేవాణ్ణి, గర్భవిచ్ఛిత్తిని ఒప్పుకుంటూ యుద్ధాన్ని వ్యతిరేకించేవాణ్ణి కపటి అనేయడం తేలిక. మొదటివాడు శత్రు సైనికుడు నిర్దోషి కాడంటున్నాడు. రెండవవాడు పిండం ఇంకా పూర్తి మనిషి కాదంటున్నాడు. అక్వినాస్ కూడా అరిస్టాటిల్‌ను అనుసరించి, గర్భంలో మానవాత్మ కొంతకాలం తరువాతే ప్రవేశిస్తుందని నమ్మాడు, అయినా గర్భవిచ్ఛిత్తిని పాపమే అన్నాడు. ఇద్దరూ చంపడం తప్పనే అంటున్నారు. విభేదం ఉన్న మెట్టు ఏదో గుర్తించకుండా వాదిస్తే మాటలు పెరుగుతాయి, అంతే. అలాగని అన్ని వాదాలూ సమానమనీ కాదు. యుద్ధానికి షరతులున్నాయని చెప్పేవారు ఆ షరతులతో తమ దేశపు యుద్ధాన్ని ఒక్కటైనా తిరస్కరించి ఉండాలి. అటువంటి ఉదాహరణ చూపలేని సంఘాలే ఎక్కువ. 2003లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన పోప్ రెండవ జాన్ పాల్, 1995లో గర్భవిచ్ఛిత్తిని ఖండిస్తూ విశ్వలేఖ రాసినవాడే కాబట్టి, ఆ మాటకు కొంత బరువుంది.

తెలుగు నేల మీద ఈ రెండు సంప్రదాయాలూ ఉన్నాయి. గుంటూరుకు 1920లో వచ్చిన ఆస్ట్రేలియా వైద్యురాలు మేరీ గ్లౌరీ సన్యాసినిగా ఉంటూనే వైద్యం చేసి, 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. ఆ సంఘం కేంద్రం నేడు సికిందరాబాదులో ఉంది. ఆమెను ఇండియాకు రప్పించినది ఇక్కడి తల్లుల, శిశువుల మరణాల గురించి చదివిన ఒక చిన్న పుస్తకం. గర్భవిచ్ఛిత్తిని కాదనే అభిప్రాయం అక్కడ కాన్పు గదితో పాటే వచ్చింది. కాన్పు గది లేని చోట అదే అభిప్రాయం వినడానికి వేరుగా ఉంటుంది.

పాలమూరు వైపు ఎం.బి. చర్చి అని పిలిచేది మెన్నొనైట్ బ్రదరన్ సంఘం. 1527 నాటి ష్లైట్‌హైమ్ ఒప్పుకోలు నుంచీ కత్తి పట్టమన్న అనాబాప్టిస్టుల వారసత్వం వారిది. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీలు 1890 ప్రాంతంలో నల్గొండలోనూ, అమెరికా శాఖవారు 1899 నుంచి నైజాంలోనూ పనిచేశారు. నాగర్‌కర్నూలు, వనపర్తి, మహబూబ్‌నగర్, జడ్చర్ల వారి కేంద్రాలు. అయితే నిజాం రాజ్యంలో గాని, స్వతంత్ర భారతంలో గాని నిర్బంధ సైనిక సేవ లేదు. ఐరోపాలో తమ పూర్వీకులను దేశాలు విడిచిపోయేలా చేసిన ప్రశ్న పాలమూరు విశ్వాసిని ఎవరూ అడగలేదు.

సింగపూర్‌లో అది అడుగుతారు. 1967 నుంచి అక్కడ నిర్బంధ సైనిక సేవ ఉంది. పౌరులకే కాదు, తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాసం పొందిన కొడుకులకు కూడా రెండేళ్ళు తప్పదు. మనస్సాక్షి కారణంగా మినహాయింపు లేదు. నిరాకరించిన యెహోవా సాక్షుల సంఘం రిజిస్ట్రేషన్‌ను 1972లో రద్దు చేశారు. వారి యువకులు సైనిక నిర్బంధ శిబిరంలో ఏళ్ళ తరబడి శిక్ష అనుభవిస్తూ వచ్చారు. వారిని అసలు క్రైస్తవులుగానే అంగీకరించని సంఘాలు అనేకం; ఆ కారణంగానే కావచ్చు, వారి తరఫున పెద్దగా గొంతు లేవలేదు. 1994లో హైకోర్టు కూడా మత స్వేచ్ఛ కన్నా దేశ రక్షణకే ప్రాధాన్యం ఇచ్చింది.

అదే దేశపు గర్భవిచ్ఛిత్తి చట్టంలో మరొక సంగతి. 1969లో బిల్లు చర్చకు వచ్చినప్పుడు పార్టీ విప్‌ను సడలించి, సభ్యులను తమ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయనిచ్చారు. 1974 చట్టం 24 వారాల వరకు స్త్రీ కోరికపై గర్భవిచ్ఛిత్తికి వీలు కల్పిస్తూనే, మనస్సాక్షి ఒప్పని వైద్యులు, నర్సులు అందులో పాల్గొనక్కరలేదంది. తల్లి ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. ఆ అభ్యంతరం నిజమైనదని రుజువు చేయడానికి కోర్టులో ప్రమాణం చేసి చెప్పినా సరిపోతుంది.

పాలమూరు నుంచి వచ్చి హౌగాంగ్‌లో స్థిరపడిన ఎం.బి. కుటుంబం ఒకటి ఉందనుకుంటే, తల్లి ఆసుపత్రిలో నర్సు, కొడుక్కి పదిహేడేళ్ళు అనుకుంటే, ఈ రెండు చట్టాలూ ఒకే భోజనాల బల్ల దగ్గరికి వస్తాయి. తల్లికి కాదనే హక్కు ఉంది. కొడుక్కి లేదు; సేవను తప్పించుకోవడానికి శాశ్వత నివాసం వదులుకుంటే, తరువాత చదువుకో ఉద్యోగానికో తిరిగి రావాలన్నప్పుడు ఆ సంగతి అడ్డు రావచ్చు. చేరమనే తండ్రి రోమా పత్రిక 13వ అధ్యాయం తెరుస్తాడు, వద్దనే తాత కొండమీది ప్రసంగం. ఇద్దరూ ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ కుర్రవాడి తుపాకీ ముందు నిలబడేది ఎవరని వారు ఊహించుకుంటున్నారు? పుంగోల్ తీరానికి మనుషులను నడిపించుకుపోయిన సైనికుణ్ణా, అక్కడ వరుసలో నిలబెట్టిన పౌరుణ్ణా?