మాయల ఫకీరు ప్రాణం చిలకలో... మరి మీ ప్రాణం ఎందులో?

దేవరకొండ బస్టాండులో పొద్దున్నే హైదరాబాద్ బస్సు కోసం చూసేవాళ్లలో చాలామంది చేతిలో కరెంట్ అఫైర్స్ పుస్తకం ఉంటుంది. ‘అన్నా, నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తది?’ అని నన్ను అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువే. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాలనాగమ్మ కథ గుర్తొస్తుంది.

కథ మీకూ తెలిసిందే. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వాణ్ని ఏ కత్తీ చంపలేదు. ఎందుకంటే ప్రాణం ఒంట్లో లేదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. చివరికి బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు ఆ చిలకను పట్టేస్తాడు. అంత పెద్ద మాంత్రికుడి పని ఒక్క పిట్టతో అయిపోతుంది. మనమూ అంతే కదా! ప్రాణమంతా ఒకే పరీక్షలో పెట్టి కూర్చుంటాం. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో నేనూ ఒకే కంపెనీ మీద అలాగే పెట్టుకున్నాను. ఆ చిలక ఎగిరిపోయాక ఆర్నెల్లు ఏమీ తోచలేదు.

ఒక్కరే, పనులు మాత్రం ఐదు

ఈ బాలనాగమ్మను ఊరూరా తిరిగి ఆడినవాళ్లు సురభి నాటక కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం ‘కీచకవధ’తో మొదలుపెట్టింది. కుటుంబం పెరిగేకొద్దీ సమాజాలు పెరిగాయి. ఊరి బయట రేకుల షెడ్డు వేసుకుని కొన్నాళ్లు నాటకాలు ఆడటం, సామాను సర్దుకుని ఇంకో ఊరికి పోవడం... అదే వాళ్ల జీవితం. ఇప్పుడు చాలా కుటుంబాలు హైదరాబాద్ లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉంటున్నాయి. ఈ కుటుంబాలకు చెందిన రేకందార్ నాగేశ్వరరావు (సురభి బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ వచ్చింది.

సురభి నాటకంలో మనుషులు గాల్లో ఎగురుతారు. బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొని మంట రేగుతుంది. అడవి పోయి రాజసభ వచ్చేస్తుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. వెనక ఉన్నవి తీగలు, కప్పీలు, తాళ్లు, ఒకదాని వెనక ఒకటి వేలాడే రంగుల తెరలు. ఈ సీన్‌లో రాజు వేషం కట్టినాయన, తర్వాతి సీన్‌కు తెర తాడు పట్టుకుంటాడు. వేషం, పాట, మేకప్, లైటు, తెరలకు రంగులు... ఒక్కో మనిషికీ ఇన్ని పనులు తెలిసి ఉండాలి.

ఇది నా వృత్తికి కొత్తేమీ కాదు. నా ప్రాజెక్టు డెమో రోజు నెట్ పోయింది. నోట మాట రాక నిలబడిపోయాను. ప్రోగ్రామ్ రాయడం ఒక్కటే నేర్చుకున్నాను, అది ఆగితే ఏం చేయాలో ఆలోచించుకోలేదు. నాటకంలో మాత్రం తాడు ఇరుక్కుంటే హార్మోనియం ముందున్నాయన పాట పొడిగించాల్సిందే. ఎదురుగా ప్రేక్షకులుంటారు, రీటేక్ ఉండదు.

మీరూ ఆడండి

మీకు నా సలహా ఇది. ఐదుగురు దోస్తులు కలవండి. బాలనాగమ్మను 20 నిమిషాలకు కుదించి రాయండి. దేవరకొండ చుట్టుపక్కల ఒక తండా బడి చూసుకుని, హెడ్మాస్టర్‌ను అనుమతి అడగండి. అక్కడి పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడుతారు. కాబట్టి ఫకీరు రెండు భాషల్లోనూ మాట్లాడాలి. మీలో ఆ భాష వచ్చినవాళ్లు ఉంటే వాళ్లదే పెద్ద పాత్ర. తెరకు పాత చీరలు, చిలకకు అట్టముక్క, సౌండుకు బ్లూటూత్ స్పీకర్ సరిపోతాయి. ఖర్చు ప్రతి రూపాయీ రాసిపెట్టండి. మొదటి బడిలో పిల్లలు ఎక్కడ దిక్కులు చూశారో గమనించి, రెండో బడికి పోయేలోపు ఆ సీన్ మార్చండి.

ఇంటర్వ్యూలో ‘టీంవర్క్ గురించి చెప్పండి’ అంటే అప్పుడు మీ దగ్గర చెప్పడానికి నిజంగా జరిగింది ఒకటి ఉంటుంది. రెజ్యూమెలో ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని కాకుండా ఎన్ని బడులు, ఎంత ఖర్చు, ఏం మార్చారు అన్నది రాయండి. ఇంకా ముఖ్యం, వందమంది పిల్లల ముందు గొంతు విప్పినవాళ్లకు ముగ్గురున్న బోర్డు ముందు భయం తగ్గుతుంది.

ఇదే వృత్తి చేసుకోవాలంటే

దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరే, కానీ నాటకాల్లో చేసిన అనుభవం అడుగుతారు. పిల్లల నాటకాల కోసమే ఆ సంస్థ 1989లో ఒక ప్రత్యేక బృందం పెట్టింది. నాటకం ద్వారా చదువు చెప్పడంపై అగర్తలాలోని దాని కేంద్రంలో ఏడాది కోర్సు నడుస్తుంది. దరఖాస్తు చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

అయితే డబ్బు సంగతి దాచను. కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక బృందాలకు ఇచ్చే రెపర్టరీ గ్రాంటులో పెద్దవాళ్లయిన శిష్యులకు నెలకు 10 వేల రూపాయలు. దాంతో ఇల్లు నడవడం కష్టం. అందుకే ఉద్యోగం మానేసి నాటకాల్లోకి దూకమని చెప్పడం లేదు. పరీక్షకు చదువుతూనే ఆదివారాలు దీనికివ్వండి. వాయిస్ ఓవర్, ఈవెంట్లు, వీడియో పాఠాలు, టీచర్ ఉద్యోగం... రేపు ఎటు వెళ్లినా ఈ పని పనికొస్తుంది. పరీక్ష పోయినా మీ ప్రాణం దాంతో పోదు.

హైదరాబాద్ బస్సు రావడానికి ఇంకా టైముంది కదా? ఆలోపు ఆ ఐదుగురి పేర్లు ఫోన్‌లో రాసుకోండి. ఫకీరు ఎవరో ముందే తేల్చుకోండి, ఆ వేషానికి పోటీ గట్టిగా ఉంటుంది.